కార్డుకెక్కని బేరింగులు

కొత్త బేరింగు మీద చుట్టిన గ్రీజు కాగితం విప్పితే ఒక వాసన వస్తుంది. గోదావరిఖనిలో మా గని స్టోర్సులో ఇరవై ఏళ్లుగా ఆ వాసన పీలుస్తూనే ఉన్నాను. ఈ ఉదయం అదే వాసనకు విశ్వనాథం సార్ గుర్తొచ్చారు. ఆయన వెనకే సుజాత కూడా గుర్తొచ్చింది, కడుపులో పాత మంట లేచింది.

సార్ కోస్తా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన రిటైర్డు స్టోర్సు అధికారి. సామాను కొన్నచోటి నుంచి వాడేచోటి దాకా ఆగకుండా ఎలా చేరాలో, అంటే సప్లై చైన్ పని, ఆదివారాలు దగ్గరుండి నేర్పి సర్టిఫికెట్ ఇప్పించేవారు. నేను ఆ క్లాసులో చేరినప్పుడు మా స్టోర్సు ఆఫీసర్ పోస్టు ఒకటి ఖాళీ అవుతోంది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లనే ఇంటర్వ్యూకు పిలుస్తారన్నారు. ఆ కుర్చీ నాదేనని ఇంట్లో కూడా చెప్పేశాను. సుజాత నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. నన్ను చూసే క్లాసులో చేరింది.

పనితోపాటు మా స్టోర్సుల ఆచారం కూడా ఆమెకు నేర్పింది నేనే. ఏ సామాను ఎన్ని ఉన్నాయో రాసే స్టాకు కార్డులో, బయట దొరకని సామాను కనబడితే పక్క గని వాళ్లు అడిగి పట్టుకుపోతారు. "ఆరొస్తే నాలుగు వాడినట్టు రాసి బల్ల కింద పెట్టు. రేపు మన పంపు ఆగితే ఎవడిస్తడు?" అన్నాను. ఆమె బుద్ధిగా అలాగే చేసింది.

మూడో ఆదివారం సార్ చాక్‌పీసు పక్కన పెట్టి, "ఏమండీ, మీ షెడ్డులో ఉండీ కార్డులో లేని వస్తువు ఒక్కటి చెప్పండి" అన్నారు. అందరం నవ్వాం. సుజాత లేచి నిలబడింది.

"నాలుగు పంపు బేరింగులున్నయి సార్. నేనే దాచిన. మొన్న గవే లేక పక్క గనిల పంపు రెండు షిఫ్టులు ఆగింది."

నేను నోట్సులోకి తల వంచాను. ఆమె నా పేరు ఎత్తలేదు. సార్ ఆమెనే చూస్తూ, "ఈ క్లాసు పెట్టింది ఈ మాట కోసమేనమ్మా" అన్నారు. నన్ను ఏనాడూ అలా చూడలేదు. ముందు వరసలో కూర్చుని నోట్సంతా బట్టీ పట్టినవాణ్ణి నేను.

ఇంటర్వ్యూలో ఇద్దరినీ ఒకటే అడిగారు: నేర్చుకున్నదానితో మీ స్టోర్సులో ఏం మార్చారని. నేను నిర్వచనాలు ఒప్పజెప్పాను. ఆమె రెండు గనుల వాళ్లూ ఒకరి కార్డులు ఒకరు చూసుకునేలా చేసిన సంగతి చెప్పింది. కుర్చీ ఆమెకే పోయింది. ఆ సాయంత్రమే సార్ ఇంటికి వెళ్లి అడిగేశాను.

"గదే సర్టిఫికెట్ నాకు గూడ ఇచ్చిన్రు గద సార్. నాకేం తక్కువైంది?"

"కాగితం ఇద్దరికీ ఒకటేనండీ. ఆ రోజు మీరెందుకు లేవలేదు?" అన్నారు. టీ తెప్పించారు. తాగకుండా వచ్చేశాను. తర్వాత ఆయన పోయారని తెలిసినప్పుడు నాకు ముందుగా ఆ టీ గుర్తొచ్చింది.

ఈ ఉదయం వచ్చిన ఆరు బేరింగులూ కార్డు మీద ఎక్కించాను. మధ్యాహ్నానికే సుజాత ఫోను. "అన్నా, పక్క గనికి నాలుగు కావాలె. ఇస్తవా?" ఆఫీసరయ్యాక కూడా అన్నా అనే పిలుస్తుంది, అదీ నాకు గిట్టదు.

"బండి పంపు" అన్నాను.

సార్ చెప్పినట్టే చేస్తున్నాను. కుళ్లు మాత్రం పోలేదు. ఆమెకు కుర్చీ దక్కినందుకు కొంత. ఆ రోజు నా పేరు చెప్పకుండా ఒక్కతే నిలబడగలిగినందుకు అంతకంటే ఎక్కువ.