రెండు చప్పట్ల చోటు

మా పెద్దమ్మ చనిపోయిన సంగతి నాకు స్కూల్లో ఉండగా తెలిసింది. రూతక్క ఫోను చేసింది. రూతక్క మా చర్చిలో పాటలు నడిపించే మనిషి, ఫోనులో కూడా రాగం తీసినట్టే మాట్లాడుతుంది. ఆ రోజు మాత్రం "టీచరమ్మా, నర్సమ్మ గారు కాఫీ తాగి పండుకున్నారు, ఇంక లెయ్యలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. నేను "సరే అక్కా" అన్నాను. అంతకంటే తెలివితక్కువ మాట ఇంకోటి ఉండదు. ఫోను పెట్టేసి తరగతికి వెళ్ళి పాఠం కూడా మొదలుపెట్టాను. పిల్లలు నా మొహం వంక అదోలా చూస్తుంటే అప్పుడు తెలిసొచ్చింది. సంచి తీసుకుని బయటికి నడిచాను.

బోగోలు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది మా ఊరు. సగం మంది వేటకు పోయేవాళ్ళు, సగం మంది వరి పండించేవాళ్ళు. పెద్దమ్మ అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మకు అక్క. నాకు ఆ పక్క స్కూలుకు బదిలీ అయినప్పుడు "గది ఖాళీగానే ఉంది, వచ్చెయ్ అమ్మణ్ణీ" అన్నారు. అప్పటినుంచి ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఊళ్ళో చాలామంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. నడివయసు మగవాళ్ళు కూడా ఆమె ఎదురైతే చేతిలో బీడీ వెనక్కి దాచుకునేవాళ్ళు.

రిటైరయ్యాక ఆమె చేసిన మొదటి పని ఒక పాత తెల్లకారు కొనడం, రెండో పని దాన్ని నడపడం నేర్చుకోవడం. మామూలుగా ఎవరైనా ఆ రెండూ తిరగేసి చేస్తారు. హారన్ కొట్టడం మర్యాద కాదని కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి బర్రెల్ని అదిలించేవారు. ఆ కారులో నెలలు నిండిన కోడళ్ళు కావలికి వెళ్ళారు, చేపల బుట్టలు వెళ్ళాయి, ఒకసారి చర్చి మైకు స్తంభం కూడా వెనక అద్దంలోంచి సగం బయటికి పొడుచుకుని వెళ్ళింది. దారిలో ఎవరు చెయ్యెత్తినా ఆపేవారు. వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలో చెప్పబోతే, "ముందు ఎక్కండి, కూచున్నాక మాట్లాడుకుందాం" అనేవారు. కూర్చున్నాక చూస్తే వాళ్ళు వెళ్ళాల్సింది ఇటు కాదు, అటు. ఎన్నిసార్లు జరిగినా ఆమె పద్ధతి మాత్రం మారలేదు.

ఆ కారులో సీడీ ప్లేయరు ఉంది. అందులో ఎప్పుడూ ఒకటే సీడీ. చాలా ఏళ్ళ కిందట మా చర్చివాళ్ళు నెల్లూరు వెళ్ళి రికార్డు చేయించుకున్న పాటలవి. అప్పుడు పాడినవాళ్ళలో కొందరు కాలం చేశారు, తక్కినవాళ్ళు ఊరు వదిలి వెళ్ళారని విన్నాను. స్టూడియో ఎప్పుడో మూతపడింది. ఇళ్ళల్లో ఉన్న సీడీలన్నీ పిల్లలు ఆడుకుని పగలగొడితే, మిగిలింది పెద్దమ్మ కారులోది ఒక్కటే. అందుకని ఇప్పటి పాటల బృందం ప్రాక్టీసంతా ఆ కారు దగ్గరే. చర్చి ముందు కారు ఆపి, నాలుగు తలుపులూ బార్లా తీసి పాట పెట్టేవారు. ఆడవాళ్ళంతా చుట్టూ నిలబడి విని నేర్చుకునేవాళ్ళు. పెద్దమ్మ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చునేవారు. ఆమె పాడగా నేను ఎన్నడూ వినలేదు. మెడ మీద ఆపరేషను గాటు ఉండేది, గొంతు కాస్త బొంగురు. అందుకే పాడరని అనుకున్నాను. రూతక్క బతిమాలితే "మీరు పాడండి, నేను వింటా" అనేవారు. ఆ మాట ఎంత అలవాటుగా అనేవారంటే, భోజనానికి పిలిచినా ఒక్కోసారి "మీరు తినండి, నేను చూస్తా" అని, తర్వాత ఆమే నవ్వుకునేవారు.

ఆ సీడీలో ఊరందరికీ ఇష్టమైన పాట రెండో చరణంలో ఎగిరిపోయేది. రాత్రంతా వేటాడినా ఏమీ పడక, ఖాళీ వలలతో తిరిగి వస్తున్న మనుషుల గురించిన పాట అది. ఖాళీ వలల దగ్గర టక్ టక్ మని రెండుసార్లు కొట్టుకుని, ఒక్క గెంతు గెంతి, ఒడ్డున అందరూ కూర్చుని కాల్చిన చేపలు తినే చోట పడేది. మధ్యలో ఏ మాటలున్నాయో, ఆ చేపలు ఎక్కడివని పాట చెప్పిందో ఎవరికీ గుర్తులేదు. మా ఆడవాళ్ళు పాటను అచ్చం అలాగే నేర్చుకున్నారు. టక్ టక్ అన్న చోట రెండు చప్పట్లు కొట్టి, నేరుగా భోజనానికి వెళ్ళిపోయేవాళ్ళు. పిల్లలూ అంతే, ముసలివాళ్ళూ అంతే. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఆ చప్పట్లు విని "ఎంత చక్కని తాళమండీ, ఇంకెక్కడా వినలేదు" అని మెచ్చుకున్నారు. ఆయన ఇంకెక్కడ వింటారు పాపం.

నేను తెలుగు టీచర్ని, ఊరుకోలేను. "పెద్దమ్మా, అక్కడ రెండు లైన్లు ఎగిరిపోతా ఉన్నాయి కదా, అర్థం కుదరట్లేదు" అన్నాను. ఆమె అద్దం సరిచేసుకుంటూ, "అంతేలే అమ్మణ్ణీ, అట్టనే పాడనీ" అన్నారు. టూత్‌పేస్టుతో రుద్దితే సీడీ గీతలు పోతాయని ఎవరో చెబితే, బ్రష్షు పట్టుకుని కారు దగ్గరికి వెళ్ళాను. నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. సూది మందు వేసే ముందు పిల్లల చెయ్యి అలా పట్టుకునేవారు. "దాని జోలికి పోబాక" అన్నారు. కోపంగా లేరు, నవ్వుతూ లేరు.

సమాధి కార్యక్రమం అయ్యాక జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. రూతక్క వచ్చి, "ఆమె కారు చర్చి తలుపు కాడ పెట్టి, ఆమె కూచున్నెట్టే అనుకుని, ఆ పాటే పాడదాం టీచరమ్మా" అంది. బాగానే ఉందనిపించింది. తీరా చూస్తే ప్లేయరు అసలు సీడీనే తీసుకోవడం లేదు. మింగుతుంది, లోపల కాసేపు గిరగిరా తిప్పుతుంది, కక్కేస్తుంది. నాకు ఏడుపొచ్చింది. చనిపోయిన రోజు రాని ఏడుపు ఆ డబ్బా ముందు కూర్చుంటే వచ్చింది.

కావలిలో కారు స్టీరియోలు బిగించే షాపుకు తీసుకెళ్ళాను. షాపతను చూసి, "సీడీలు ఇంకెవురు వింటా ఉండార్‌క్కా, బ్లూటూత్ పెట్టేస్తా, హాయిగా ఉంటాది" అన్నాడు. ఇదే కావాలి అన్నాను. నిట్టూర్చి, ప్లేయరు ముందుండే పట్టీ ఊడదీసి, ప్లేయరును బయటికి లాగాడు. లాగగానే "ఇది ఎవురు పెట్టినార్‌క్కా?" అని ఒక నల్లటి ముక్క చూపించాడు. సైకిలు ట్యూబును నీటుగా కత్తిరించి ప్లేయరు కింద మెత్తగా వేశారెవరో, అదరకుండా ఉండటానికి. అంచులు ఆస్పత్రి కత్తెరతో కత్తిరించినంత తిన్నగా ఉన్నాయి. ఎవరో ఏముంది, ఆమే. బాగు చెయ్యొద్దన్న మనిషే అది అదరకుండా పరుపు వేశారన్నమాట.

అతను పైమూత విప్పి చూపించాడు. సీడీని చదివే చిన్న గాజు కన్ను ఉంటుంది. దాని మీద దుమ్ము, ఉప్పుగాలి తేమ కలిసి పొర కట్టింది. "కన్ను మసకబారింది, ఇంకేం లేదు. సీడీ మీద గీత సన్నదే, కన్ను శుభ్రంగా ఉంటే గీత దాటి చదువుకుంటాది" అన్నాడు. దూదిపుల్ల స్పిరిట్‌లో ముంచి మెల్లగా తుడిచాడు. ఆరేదాకా ఆగాడు. ట్యూబు ముక్కను మాత్రం ఎక్కడున్నది అక్కడే పెట్టేశాడు, బాగుంది కాబట్టి.

పాట పెట్టాడు. రెండో చరణం వచ్చింది. ఖాళీ వలలు. నా చేతులు వాటంతట అవే చప్పట్లకు లేచాయి. పాట గెంతలేదు. బృందమంతా ఆగిపోయింది, ఒక్క ఆడగొంతు అందుకుంది. ఒడ్డున నిలబడి పడవలోవాళ్ళను "పిల్లలారా" అని పిలిచే ప్రభువు మాటలు పాడే గొంతు. వల మళ్ళీ వెయ్యండి అని చెబుతోంది. పలచగా, నిబ్బరంగా, ఎక్కడా వణకని గొంతు. పేరు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ "ల్ల" దగ్గర నాలుకను నొక్కి పలికే తీరు నేను రోజూ కాఫీ గ్లాసు పక్కన విన్నదే. షాపతను "బాగా పాడింది, ఎవుర్‌క్కా?" అన్నాడు. "మా పెద్దమ్మ" అన్నాను.

తిరిగి వస్తూ దారంతా ఆమెతో పోట్లాడాను. పోయిన మనిషి మీద కోపం ఎందుకంటే చెప్పలేను, వచ్చింది. ఈ రెండు లైన్లూ నీకు తెలుసు కదా, పాడింది నువ్వే కదా, మరి ఇంతమందికి తప్పుగా ఎందుకు నేర్పించావు? గొంతు పోయాక పాత గొంతు వినడం కష్టమైందా? అయితే ఆ సీడీని కారులో ఉంచుకోవడం దేనికి? సిగ్గా? ఊరు ఊరంతటికీ పురుళ్ళు పోసిన మనిషికి ఒక్క చరణం దగ్గర సిగ్గేమిటి? ఒక్కదానివే ఉన్నప్పుడు కారాపుకుని వినేదానివా? మసకబారిన కన్ను నీకు కూడా వినిపించనివ్వలేదు కదా. ఒక జవాబు సరిపోయిందనుకుంటే, ఆ ట్యూబు ముక్క అడ్డం వచ్చేది. ఇది రాస్తున్న ఈ పూటకీ నాకు తేలలేదు. మీలో ఎవరికైనా తేలితే నాకు చెప్పొద్దు, ఒప్పుకోలేనేమో.

అసలు చిక్కు వేరే ఉంది. కూడికలో ఆ పాట పెట్టాలా? ఆమె ఇన్నాళ్ళు ఎవరినీ విననివ్వని గొంతును, ఆమె లేనప్పుడు ఊరందరి ముందు విప్పెయ్యడానికి నేనెవరిని? పెట్టకపోతే, ఇక ఆ గొంతు నాతోనే పోతుంది. రూతక్కకు కూడా చెప్పలేదు. "బాగైందా?" అంటే "పలుకుతా ఉంది" అన్నాను. రెండో చరణం రాగానే ఆపేద్దామని, లేకపోతే ముందుకు జరిపేద్దామని, రకరకాలుగా అనుకున్నాను.

కూడిక సాయంత్రం జరిగింది. కారు చర్చి తలుపు దగ్గర పెట్టి, నాలుగు తలుపులూ తీశాను. ఆమె సీట్లో కూర్చోవాల్సి వచ్చింది, బటన్లు నాకే తెలుసు కాబట్టి. సీటు ముందుకు జరిపి ఉంది, ఆమె పొట్టి మనిషి. మోకాళ్ళు స్టీరింగుకు తగులుతున్నా వెనక్కి జరపబుద్ధి కాలేదు. లోపల ప్రార్థన అయింది. రూతక్క గుమ్మంలోంచి తలూపింది. పాట పెట్టాను.

చర్చి నిండా జనం కారుతో కలిసి పాడారు. మొదటి చరణం నిండుగా సాగింది. రెండోది మొదలైంది. నా వేలు బటన్ మీదే ఉంది. ఖాళీ వలలు. లోపల అందరూ కలిసి రెండు చప్పట్లు కొట్టారు. కొట్టి, ఎప్పటిలాగే ఒక్క గెంతున భోజనం దగ్గరికి వెళ్ళిపోయారు. కారు వెళ్ళలేదు. సగం లైను పాడి కొందరు ఆగారు, కొందరు తడబడ్డారు, పిల్లలు ఇంకో చప్పట కొట్టి చూశారు. తర్వాత ఒక్కొక్కరే తలుపు వైపు తిరిగారు. నేను బటన్ నొక్కలేదు. నొక్కకూడదని అనుకుని కాదు, వేలు కదల్లేదు.

"పిల్లలారా" అని పెద్దమ్మ కారులోంచి పిలిచారు.

రూతక్క చప్పట కొట్టిన చేతులు అలాగే కలిపి పట్టుకుని గుమ్మం దిగి వచ్చింది. నన్ను చూడలేదు. తెరిచి ఉన్న వెనక తలుపు దగ్గర వంగి, ఖాళీ సీటు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెతికి చూసింది.