ఐదేళ్ళ దాకా ఫ్రీ

ఆ రిసార్టులో ఒక కొండ ఉంది. మేముండే ఎటోబికోలో, మా బాల్కనీలో నిలబడి చూస్తే గోడౌన్లూ, దిగుతున్న విమానాలూ తప్ప ఏమీ కనపడవు కాబట్టి, కొండను చూద్దామని రెండు గంటలు డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. దగ్గరికెళ్ళి వేళ్ళతో తట్టి చూశాను. డబడబమంది. లోపలంతా డొల్ల. పైన సిమెంటు పూసి, పగుళ్ళు గీసి, నాచు రంగు వేశారు. అంతలో కొండకు వెనక వైపున్న తలుపు తెరుచుకుని ఒకాయన చెత్తబండి తోసుకుంటూ బయటికొచ్చాడు. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారే, ఇక్కడ ఆ తవ్వే పని కూడా లేదు.

ఇలాంటి వింతలు ఇంకా ఉన్నాయి. పొదల్లో కూసే పిట్టలు పిట్టలు కావు, స్పీకర్లు. చెరువు అంత నీలంగా ఉండటానికి ఆకాశం కారణం కాదు, నీళ్ళలో రంగు కలుపుతారు. నడిచే దారి పొడుగునా కమ్మగా దాల్చినచెక్క వాసన వస్తుంటుంది. ఎక్కడ వండుతున్నారా అని ముక్కు పట్టుకుపోయిన వైపల్లా వెళ్ళి చూస్తే గోడలో చిన్న జాలీ, దాని వెనక గిర్రున తిరిగే ఫ్యాను. ఈ సంగతులన్నీ అక్కడ పనిచేసేవాళ్ళే గొప్పగా చెప్పారు. సరస్సులకు కరువులేని దేశంలో నీళ్ళకు రంగేసి చూపిస్తున్నారు. టికెట్ కొని నోరు తెరుచుకుని చూసే మాలాంటివాళ్ళు ఉన్నంతకాలం వాళ్ళకెందుకు సిగ్గు?

మా ఆయన ఆ పిల్లల పార్కు రిసార్టుకు వెళ్ళే ముందు రెండు వారాల పాటు రివ్యూలు చదివాడు. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగు ఆయన ఉద్యోగం. ఏదైనా సరే, అందులో తప్పెక్కడుందో ముందే తెలిస్తే గానీ ఆయనకు ముద్ద దిగదు. తెలిసింది పక్కవాళ్ళకు చెప్తే గానీ అరగదు. అందుకని రోజూ భోజనం దగ్గర నాకు ఆ పారాయణం తప్పలేదు. ఒకావిడ చెరువు నీళ్ళు చల్లగా ఉన్నాయని ఒకటే స్టారు ఇచ్చింది. ఒకాయన, ఉన్న రెండు రోజులూ వాన పడిందనీ, మేనేజ్‌మెంటు ఏమీ పట్టించుకోలేదనీ వాపోయాడు. నీళ్ళలో జారే బల్ల ఎక్కితే జుట్టు తడిసిందని ఇంకొకావిడ గోల. పిల్లలు మరీ ఎక్కువైపోయారని ఒక పెద్దమనిషి ఫిర్యాదు. పిల్లల పార్కులో పిల్లలు కాక పీఠాధిపతులుంటారా? మా తెలుగు వాట్సాప్ గ్రూపు మరీ ఘోరం. అంతా సూపర్ అనీ, ఒక్క పెరుగన్నమే ఎక్కడా దొరకలేదనీ ఒకరు రాస్తే, దాని కింద వరసపెట్టి దండం బొమ్మలు.

మా ఆయన వీటన్నిటినీ నోట్ చేసుకున్నాడు. ఏ లిఫ్టు నెమ్మదో, ఏ అంతస్తులో చప్పుడు తక్కువో, ఏ గంటకు ఎక్కడ క్యూ చిన్నదో ఆయనకు కంఠతా వచ్చేసింది. మా అమ్మాయికి మాత్రం ఇవేవీ అక్కర్లేదు. దానికి కావలసింది ఒకే ఒకటి.

అక్కడ పిల్లలు కార్లు నడిపే ట్రాకు ఒకటుంది. చిన్న చిన్న బ్యాటరీ కార్లు, ఎర్రదీపం, పచ్చదీపం, స్టాప్ బోర్డు, అన్నీ ఉంటాయి. దేన్నీ గుద్దకుండా రెండు చుట్లు తిరిగొస్తే ఫోటో తీసి, డ్రైవింగ్ లైసెన్సని ఒక కార్డు చేతిలో పెడతారు. ఆరేళ్ళు నిండితేనే ఎక్కనిస్తారు. దీని క్లాసులో ఒక పిల్ల ఆ కార్డు తీసుకొచ్చి అందరికీ చూపించి, మా పిల్లను మాత్రం ముట్టుకోనివ్వలేదట. ఆ రోజు నుంచి ఇది కారు వెనక సీట్లో కూర్చుని, భోజనం ప్లేటును స్టీరింగులా తిప్పుతూ, వాళ్ళ నాన్నకు దీపాలు చూసి చెప్పేది. క్యాలెండరు మీద రోజులు కొట్టేసుకుంటూ ఆరో పుట్టినరోజు కోసం ఎదురుచూసింది. బొమ్మ వద్దంది, పార్టీ వద్దంది. ఈ ట్రిప్పే దాని పుట్టినరోజు బహుమతి. మనిషి పీచు. ఆరు నిండి రెండు నెలలైనా చూసేవాళ్ళకు నాలుగో ఐదో అనిపిస్తుంది.

గేటు దగ్గర బోర్డు ఉంది, ఐదేళ్ళ దాకా ఫ్రీ అని. ఆ బోర్డు చూడగానే మా ఆయన నడక నెమ్మదించింది. ఆయన పిసినారి కాదు. హోటల్లో టిప్పు నేను వద్దన్నా ఎక్కువే పెడతాడు. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. పిల్లలకు ఫ్రీ అన్న మాట కనపడితే చాలు, కరీంనగర్ బస్టాండు ఆయన్ను ఆవహిస్తుంది. వంగి, అమ్మాయి చెవిలో చెప్పాడు.

"అడిగితే ఐదని చెప్పు బంగారం. ఊకె, ఆట."

"బట్ ఐయామ్ సిక్స్, నాన్నా."

ఆట అన్నాను కదా అని బుగ్గ గిల్లాడు.

నేను వద్దనలేదు. ఎందుకంటాను, నేనూ ఆ బడిలో చదువుకున్నదాన్నే కదా. ఒంగోలు బస్సుల్లో కండక్టరు వస్తుంటే మా నాన్న నన్ను ఒళ్ళోకి లాక్కుని, ఇంకా బళ్ళో వెయ్యలేదండీ అనేవాడు. అప్పుడు నా భుజానికి బడి సంచి వేలాడుతూ ఉండేది. కండక్టరు సంచి వంక చూసి, నా వంక చూసి, నవ్వి ముందుకెళ్ళిపోయేవాడు. బస్సులో అందరికీ తెలుసు. అదొక నాటకం, అందులో కండక్టరుకూ వేషముంది. ఇక్కడ ఆ నాటకం ఎవరికీ తెలియదు. కౌంటరులోని అమ్మాయి, మా పిల్ల లోగొంతుకతో ఫైవ్ అనగానే నమ్మేసింది. ఎంత బాగా చెప్పావమ్మా అని మెచ్చుకుని చేతికి ఆకుపచ్చ పట్టీ చుట్టింది. ఆరు నిండినవాళ్ళకు నీలం పట్టీ. ఆ రంగుల వెనక ఇంకేమైనా సంగతి ఉందేమోనని, అన్ని రివ్యూలు చదివిన మహానుభావుడికి తోచలేదు, నాకూ తోచలేదు.

మధ్యాహ్నం కార్ల ట్రాకు దగ్గర మండుటెండలో ముప్పావుగంట నిలబడ్డాం. మా ఆయన ఫ్రైస్ తెస్తానని వెళ్ళాడు. ట్రాకు మొదట్లో జుట్టంతా తెల్లబడిన ఒక పెద్దావిడ పిల్లల్ని లోపలికి పంపుతోంది. రిటైరైన టీచరమ్మలా ఉంది. మా పిల్ల వంతు రాగానే చెయ్యి పట్టుకుని పట్టీ చూసింది. ఇది ఐదేళ్ళ దాకా ఉన్నవాళ్ళదమ్మా, ఈ కార్లు ఆరేళ్ళవాళ్ళకి, అంది జాలిగా.

"ఐయామ్ సిక్స్," అంది మా పిల్ల.

ఆవిడ తలెత్తి, మీ పాపకు ఎన్నేళ్ళు అని నన్ను అడిగింది. అనుమానంతో కాదు. నేనేది చెప్తే అది నమ్మేసే మొహం.

"అమ్మా, టెల్ హర్," అంది నా పిల్ల నా వంక చూస్తూ.

ఆరు అంటే అయిపోయేది. కానీ ఆరంటే మరి గేటు దగ్గర ఐదెందుకన్నారు అని అడగదా? వెనక అంత క్యూ ఉంది. వీళ్ళింతే అని ఒక్కరు అనుకున్నా నేను భరించలేను. పైగా ఈ దేశంలో శాశ్వతంగా ఉండటానికి పెట్టిన మా పీఆర్ అప్లికేషన్ ఇంకా ప్రాసెసింగులోనే ఉంది. పిల్లల పార్కులో ఆడిన అబద్ధం ఇమిగ్రేషన్ ఫైలుకు ఎక్కడో అంటుకుంటుందని ఆ క్షణంలో నిజంగా భయపడ్డాను. తెలివితక్కువ భయమే. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

"ఫైవ్," అన్నాను. "జస్ట్ టర్న్డ్ ఫైవ్."

ఆవిడ అడగని అబద్ధం కూడా ఒకటి కలిపి ఇచ్చాను.

పెద్దావిడ మా పిల్ల చొక్కా మీద ఒక కాగితపు నక్షత్రం అంటించి, వచ్చే ఏడు రామ్మా అంది. పిల్ల ఏడవలేదు. గింజుకోలేదు. నా చెయ్యి వదిలేసి, క్యూకి కట్టిన తాడు కిందనుంచి దూరి బయటికి నడిచింది. ఫ్రైస్ పొట్లంతో ఎదురొచ్చిన మా ఆయన, అప్పుడే అయిపోయిందా, కార్డేదీ అన్నాడు. ఇంట్లో ఏమడిగినా ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్ల, వాళ్ళ నాన్నకు అచ్చ తెలుగులో చెప్పింది.

"నాకు ఐదేళ్ళే కదా నాన్నా."

ఆ సాయంత్రమంతా హోటల్ గదిలో మా ఆయన్ను దులిపేశాను. ఆయన బస్టాండు బుద్ధినీ, ఆయన రివ్యూల పిచ్చినీ, ఏదీ వదల్లేదు. ఆయన తలొంచుకుని అన్నీ విని, నువ్వన్నా నిజం చెప్పొచ్చు గదా అని ఒక్కమాట అన్నాడు. గురివింద గింజ తన కింద నలుపెరగదంటారు. పొద్దుటి నుంచీ ఆ రిసార్టులో ప్రతి దొంగవేషాన్నీ వేలుపెట్టి చూపించిన ఘనురాలిని నేను.

మర్నాడు పొద్దున్నే లేచి ఒక్కదాన్నే కౌంటరుకు వెళ్ళాను. చెప్పాల్సిన ఇంగ్లీషంతా దారిలో వల్లె వేసుకున్నాను. పొరపాటు కాదు, కావాలనే తక్కువ చెప్పామని కూడా చెప్పాను. అక్కడ ఉన్నతను కంప్యూటర్లోంచి తలెత్తలేదు. ఓకే, నో ప్రాబ్లమ్ అని టికెట్ డబ్బులకు నా కార్డు గీకి, నీలం పట్టీ నా ముందుకు తోశాడు. ఇంతేనా? ఇంతోటి దానికా నేను కన్నబిడ్డ మాటను కాదన్నది?

గదికొచ్చి, కత్తెరతో ఆకుపచ్చ పట్టీ తీసేసి, నీలం పట్టీ కట్టాను. ఎగురుతుందనుకున్నాను. మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుని, థాంక్యూ అంది పరాయివాళ్ళకు చెప్పినట్టు. గేట్లు తీయగానే ముగ్గురం ట్రాకు దగ్గరికి వెళ్ళాం. మా ఆయన ఫోటో తీద్దామని ఫోను పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. ఆ పెద్దావిడే ఉంది. రోజుకు ఎంతమంది పిల్లల్ని చూస్తుందో, మమ్మల్ని గుర్తుపట్టలేదు. నీలం పట్టీ చూసి నవ్వి, ముందున్న పిల్లలందరినీ అడిగినట్టే దీన్నీ అడిగింది, నీకు ఎన్నేళ్ళమ్మా అని.

మా అమ్మాయి నా వైపు తిరిగింది. ఆ మొహంలో అలక లేదు, ఎత్తిపొడుపు లేదు. తెలియనిది అడిగి తెలుసుకోవాలన్న శ్రద్ధ మాత్రమే ఉంది. చుట్టూ ఎవరికీ అర్థం కాకూడదనేమో, తెలుగులో, మెల్లగా అడిగింది.

"అమ్మా, ఇప్పుడు ఎంతని చెప్పాలి?"