తల లేని వసంత దేవత

నిత్యకు స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు, ప్రాచీన గ్రీకుల వసంత దేవత మీద. నిత్య మా ఆయన మొదటి భార్య కూతురు, పదేళ్ళది. బడి ఉన్నన్నాళ్ళూ పార్సిప్పనీలో మా దగ్గర, సెలవుల్లో టెక్సాస్‌లోని ప్లేనోలో వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది. నన్ను ఆంటీ అంటుంది. ఈ దేశంలో మన పిల్లలు తెలిసిన ఆడవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు, నా బాధ కూడా అదే. ఒకే ఇంట్లో ఉంటూ నేనింకా ఆ గుంపులోనే ఉన్నాను. ఆ శనివారం మా ఆయనకు ఆఫీసు పని పడితే, "మ్యూజియంకి నేను తీసుకెళ్తా" అని నేనే ముందుకొచ్చాను. ఈ వంకతోనైనా నాకు కాస్త దగ్గరవుతుందేమోనని ఆశ.

పక్క ఊరి స్టేషన్‌లో కార్ పార్క్ చేసి తొమ్మిదిన్నర రైలెక్కాం. టికెట్లు ఫోన్లోనే కొనుక్కోవచ్చు. ఎక్కేముందే యాక్టివేట్ చేసుకోండి, లేకపోతే నాలాగా కండక్టర్ ముందు తడుముకోవాలి.

ఎదుటి సీట్లో ఒకమ్మాయి మా మాటలు విని నవ్వింది. వరంగల్ నుంచి వచ్చి ఎమ్మెస్ చదువుతోందట. ప్రాజెక్ట్ సంగతి చెప్పగానే అందుకుంది.

"పెర్సెఫొనీ అక్కా! పూలు తెంపుతుంటే పాతాళం రాజు ఎత్తుకపోయిండు. ఏడాదిల కొన్ని నెలలు ఆడ, మిగతావి అమ్మ దగ్గర. అమ్మ దగ్గరికి వస్తేనే స్ప్రింగ్ వస్తది."

నిత్య కిటికీ వైపు తిరిగింది. అంటే వాళ్ళమ్మ దగ్గర వసంతం, మా ఇల్లు పాతాళమా? పోనీ నేనెవరినని చూస్తే, ఆ కథలో నాలాంటి మనిషే లేదు. మాట మార్చుదామని, "పూలకు వేరే దేవత లేదా?" అన్నాను.

"ఎందుకు లేదు, క్లోరిస్ ఉంది. గామెను గాలి దేవుడు ఎత్తుకపోయిండు."

"అందరినీ ఎత్తుకుపోవడమేనా?"

"గట్లనే ఉంటయి అక్కా. రోమన్లు ఆమెనే ఫ్లోరా అంటరు. మళ్ళ మొగ్గలకు థాలో అని ఇంకొకామె ఉంది."

సిటీలో పెన్ స్టేషన్‌లో దిగేసరికి నాకు తల తిరిగిపోయింది. ఆ తికమకలోనే సబ్‌వేలో తప్పు వైపు రైలెక్కి, దిగి, మళ్ళీ ఎక్కి, మ్యూజియం చేరేసరికి భోజనం వేళ దాటింది. మెట్ల మీదే చపాతీ రోల్స్ తిన్నాం. "స్మెల్ వస్తుంది ఆంటీ" అని నిత్య నాలుగు మెట్లు అవతలికి జరిగి తింది.

గ్రీకు హాల్లో వెతగ్గా వెతగ్గా, ఒడినిండా పూలు పట్టుకున్న ఒక పాలరాతి స్త్రీ కనిపించింది. ఆమెకు తల లేదు. పక్కనున్న పలక మీద, పెర్సెఫొనీ కావచ్చు, థాలో కావచ్చు, గ్రీకు బొమ్మకు రోమన్లు చేసిన నకలు అని రాసి ఉంది. రాసినవాళ్ళకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది? పైగా విరిగిన విగ్రహానికి మనం పూజ చేయం. దండం పెట్టాలా వద్దా అని తేల్చుకోకముందే చేతులు జోడించేశాను.

"హూజ్ షూస్ ఆర్ దీజ్?" అని వెనక నుంచి గార్డు గట్టిగా అడిగాడు.

హాలు గుమ్మం పక్కన, గోడవారగా, నా బూట్లు! ఎప్పుడు విప్పానో నాకే తెలియదు. దేవత అనుకోగానే కాళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి. అందరూ నా సాక్సుల వైపు చూస్తుంటే "సారీ, మైన్" అంటూ పరుగెత్తాను. తొడుక్కుని చూస్తే, నిత్య దూరంగా వేరే బొమ్మ ముందు, మరెవరి కుటుంబంతోనో వచ్చినట్టు నిలబడి ఉంది. జనం చూపుల కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది. ఉన్న కాస్త చనువూ పోయిందనుకున్నాను.

సాయంత్రం తిరుగు రైలెక్కాం. సీట్లో కూర్చున్నాక నేనే, "ప్రాజెక్ట్‌కి ఏ దేవతని తీసుకుంటావు?" అని అడిగాను.

"ఐ డోంట్ నో ఆంటీ. అందరు సేమ్ లాగా ఉన్నారు."

నా పరిస్థితీ అదే. మీరు వెళ్తే ముందుగా ఏ దేవత ఎవరో చదువుకుని వెళ్ళండి. అయినా తేలుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఇంతలో ప్లేనో నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. నేను కిటికీ వైపు తిరిగాను కానీ చెవులు ఇటే ఉన్నాయి. నా బూట్ల భాగోతం ఇక టెక్సాస్ దాకా పోతుందని భయపడ్డాను.

"యా మమ్మీ, గాడెస్ చూశాం. ఆమెకి హెడ్ లేదు. గార్డ్ వచ్చి షూస్ ఎవరివి అని అడిగాడు, సో ఫన్నీ. నో, మావే. మేం ఇద్దరం తీసేశాం. గాడ్ కదా, తియ్యాలి కదా."

నిత్య ఆ రోజంతా బూట్లు విప్పనే లేదు. అలా ఎందుకు చెప్పిందో నాకు అర్థం కాలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.