బొట్టు పెట్టిన గ్యారంటీ కార్డు

రైల్వేలో ఫిట్టరైన మా మావయ్యగారు తలపుకొస్తే, బాగ్‌బేరా క్వార్టర్లో విశ్వకర్మ పూజనాటి సాంబ్రాణి పొగే ముందు కనిపిస్తుంది. ఆ పొగలో సుత్తీ, పానాలూ తేలుతున్నట్టుండేవి. పెద్ద పానాతో వచ్చిన జీవితకాలపు గ్యారంటీ కార్డును కూడా పీట మీద పెట్టి, ఏటా దానికీ కుంకుమ బొట్టు పెట్టేవారు.

“కాగితానికి బొట్టేటి మావయ్యా?” అన్నాను, కొత్త కోడలినైనా ఉండబట్టలేక.

“మాటిచ్చినోడూ మనలాటి పనోడే కదమ్మా” అన్నారు.

ఎనభైల్లో ఒక ఏడు ఆ పానా విరిగింది. ఇద్దరం సాక్చీ బజారుకు వెళ్లాం. కార్డు మీది తేదీ, దుకాణం ముద్ర బొట్ల కింద మునిగిపోయాయి. “కుఛ్ నహీ దిఖ్‌తా” అంటూ, అక్షరాలేవీ కనపడక దుకాణదారు గోటితో కుంకుమ గీకబోయాడు. మావయ్యగారు చప్పున కార్డు లాక్కుని కళ్లకద్దుకున్నారు. డబ్బిచ్చి మరో పానా కొన్నారు.

దారిలో నాకు ఒళ్లు మండింది. “గీకనిత్తే కొత్తది ఊరికే వచ్చును కదా!”

“ఇన్నేళ్లు మనల్ని కాసింది కదమ్మా. ఇంకేటి కావాలి?”

ఆ ఏడు పూజలో కొత్త పానా పక్కన ఆ పాత కార్డే పెట్టారు. పొగలోంచి కుంకుమ భరిణె నా వైపు జరిపారు. కార్డు మీద ఖాళీ చోటు కోసం చాలాసేపు వెతికాను.