టేపక్క విప్పి కుట్టిన కంప్యూటరు

టేపక్కకు కోపం ఎంత తొందరగా వస్తుందో, పని అంత నిదానంగా చేస్తుంది. రెండూ మంచి గుణాలేనని ఆవిడ వాదన. మెడలో కొలత టేపు లేకుండా ఆవిణ్ణి చూసినవాళ్ళు ఆ వీధిలో లేరు, అందుకే ఆ పేరు. కిటికీకి తెర కుట్టించుకుందామని వచ్చిన మనిషి "ఐదడుగులుంటుందమ్మా" అంటే, "ఉంటుందా? ఉందా?" అని నిలదీసి, వాళ్ళింటికి స్వయంగా వెళ్ళి కొలుచుకొచ్చే రకం. ఇరవై ఆరేళ్ళుగా ఇంటి ముందుగదిలో కుట్టు మిషను పెట్టుకుని నెట్టుకొస్తున్న మనిషికి ఆ మాత్రం మొండితనం లేకపోతే ఎలా చెప్పండి!

అలాంటి మనిషికి రెండేళ్ళ నుంచి కళ్ళు మొరాయిస్తున్నాయి. అద్దాలు మార్చింది. మళ్ళీ మార్చింది. మామూలు కుట్టుకు ఫరవాలేదు గానీ, ఆవిడ అసలు విద్య చేతి ఎంబ్రాయిడరీ. పోయినేడు ఒకాయన చొక్కా జేబు మీద కుట్టిన అక్షరాలు వంకరపోయాయి. ఆయన చూశాడు, చూసీ ఏమీ అనకుండా మడిచి పట్టుకెళ్ళాడు. తిట్టి ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేది. తిట్టకపోవడంతో ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ తర్వాత చాలా ఆలోచించి, వాడిన ఎంబ్రాయిడరీ మిషను ఒకటి తెచ్చుకుంది. దానికి సూదీ దారం చూసే కళ్ళు అక్కర్లేదు, కంప్యూటర్లో బొమ్మ గీసిస్తే అదే కుట్టుకుంటూ పోతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఇంట్లో కంప్యూటర్ లేదు.

"కొనేద్దాం, షాపులో బోలెడున్నాయి" అన్నాడు భర్త. ఆయన బస్సు డ్రైవరు. ఏదైనా సరే ఆగకుండా సాగిపోవాలంటాడు.

"రెడీమేడా?" అంది టేపక్క, ముక్కు ఎగరేసి. "ఎవరి కొలతలకు కుట్టారో తెలీని చొక్కా నేనెందుకు తొడుక్కోవాలి? మనకేం కావాలో అవే తెచ్చి మనమే బిగించుకుంటాం. ఏం వదినా?"

వదిన అంటే డ్రైవరు గారి అక్క. పక్క వాటాలోనే ఉంటుంది. ఆఫీసులో ముప్పై ఏళ్ళు టైపిస్టుగా చేసి రిటైరైంది. చివరి పదేళ్ళూ కంప్యూటర్ల మీదే కాబట్టి, వాటి లోపలా బయటా ఎంతోకొంత ఎరుగును. "బిగించుకుందాం అమ్మాయ్, అదేమన్నా బ్రహ్మవిద్యా!" అంది. మరదలు గుంతలో దూకుతానంటే పక్కనే నిలబడి లోతెంతో చూసే ఆడపడుచు దొరకడం అదృష్టమే.

విడిభాగాలమ్మిన షాపతను మాత్రం నవ్వాడు. "ఇది చొక్కా కుట్టినట్టు కాదమ్మా" అన్నాడు.

"అవునయ్యా, చొక్కా కుట్టడం ఇంకా కష్టం" అని సంచీ భుజాన వేసుకుని వచ్చేసింది.

ఇదంతా బుధవారం మాట. గురువారం పెద్దాసుపత్రి మేట్రన్ గారు వచ్చారు. ఆసుపత్రిలో మూడు వందల యూనిఫారాల జేబుల మీద గుర్తు కుట్టాలి: రెండాకుల కొమ్మ, దాని కింద ఆసుపత్రి పేరు. "శనివారం నాలుగింటికి వస్తాను. నమూనా చూపించండి. నచ్చితే పని మీదే. లేకపోతే ఫ్యాక్టరీకి ఇచ్చేస్తాం" అని చెప్పి వెళ్ళారు. ఆవిడ వీధి మలుపు తిరిగాక టేపక్క వదిన చెయ్యి పట్టుకుంది. "ఇది రాకపోతే నేను బయట బోర్డు దించేస్తా వదినా. కళ్ళు లేని టైలరని అనిపించుకుంటూ కూర్చోలేను" అంది. మాట అంటే అన్నంత పనీ చేసే మనిషి. వదినకు భయం వేసింది.

శుక్రవారం మధ్యాహ్నమంతా ఇద్దరూ కలిసి బిగించారు. బోర్డుతో పాటు వచ్చిన పుస్తకాన్ని వదిన చదువుతుంటే టేపక్క స్క్రూడ్రైవరు తిప్పింది. మరీ సన్న అక్షరాల పేజీలొచ్చినప్పుడు "స్క్రూలు బిగించడం కూడా నాకు చదివి చెప్పాలా, తర్వాతి పేజీకి పోనిద్దురూ" అని తొందర పెట్టింది. నిదానం మనిషికి తొందర పుట్టిందంటే అక్కడే ఏదో కొంప మునుగుతుంది. మునిగింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి ముగ్గురూ నిలబడి ఉండగా టేపక్క మీట నొక్కింది. లోపల పచ్చ దీపం వెలిగింది. ఫ్యాన్లు తిరిగాయి. "ఆహా" అని డ్రైవరు చేతులు పైకెత్తేలోపే టక్కుమని ఆగిపోయింది. నాలుగు క్షణాలాగి, ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. ఎక్కిళ్ళు పట్టిన మనిషిలా అదే వరస.

"కరెంటు చాలట్లేదేమో" అని డ్రైవరు వంటగది ప్లగ్గు దాకా వైరు లాక్కెళ్ళాడు. అక్కడా అంతే. వైరు మార్చారు. అంతే. వదిన ర్యామ్ పలకను ఊడదీసి, తుడిచి, టక్కుమనేదాకా నొక్కి పెట్టింది. అంతే. ప్రాసెసర్ వేడెక్కుతోందేమోనని దాని మీది ఫ్యాన్ తీసి, మధ్యలో వేడి లాగేందుకు పూసే ముద్ద సమంగా అంటుకుందో లేదో చూసి మళ్ళీ బిగించారు. పదిన్నరైంది. పెట్టె మాత్రం రెండు క్షణాలు బతకడం, టక్కుమని చావడం మానలేదు.

ఇక లాభం లేదని వదిన షాపతనికి ఫోను చేసింది. ఫోనులోంచి అతని గొంతు గదంతా వినిపించింది. "చెప్పానుగా అమ్మా! మదర్‌బోర్డు కాల్చేసుంటారు. సోమవారం తీసుకురండి, చూద్దాం."

సోమవారం! సోమవారానికి ఫ్యాక్టరీవాళ్ళు సగం పని కానిచ్చేస్తారు. టేపక్క ముక్కాలిపీట మీద కూలబడింది. ఆవిడకు ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. ఆ రెంటినీ మించి భయమేసింది. ఇరవై ఆరేళ్ళ పని రెండు క్షణాలు వెలిగే దీపం దగ్గర ఆగిపోయేలా ఉంది.

"అందుకే అన్నారు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని" అంటూ డ్రైవరు మెల్లగా గొణిగాడు. భార్య తలెత్తి చూసిన చూపుకు, టీ పెడతానని వంటగదిలోకి జారుకున్నాడు.

ఆ చూపుతోనే ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. కోపం ఎక్కువైతే ఆవిడ బుర్ర పాదరసంలా పనిచేస్తుంది. "కాలిపోయిందట, కాలిపోయిందట! కాలిపోతే మాటిమాటికీ ఎందుకు లేస్తుంది వదినా? చచ్చినవాడు లేచి కూర్చోడు కదా! ఇది చావలేదు. దీనికెక్కడో పట్టేస్తోంది."

"పట్టేయడమేంటి?"

"చొక్కా తొడుక్కోగానే చంకలో పట్టేసిందనుకోండి, ఏం చేస్తాం? పైపైన లాగి సర్దుతామా? విప్పుతాం. పొద్దుట్నుంచీ మనం లాగి సర్దుతూ కూర్చున్నాం. బుద్ధి లేదు మనకి. విప్పుదాం పట్టండి."

విప్పడంలో టేపక్కను మించినవాళ్ళు లేరు. ఒక్కో వైరునూ ఊడదీసేముందు వైరుకో దారం ముక్క, అది దూరిన చోట అదే రంగు దారం ముక్క కట్టింది. ఎర్రదానికి ఎర్రది, నీలానికి నీలం. స్క్రూలు గుండీల డబ్బాలో గళ్ళవారీగా పడ్డాయి. మదర్‌బోర్డును అంచులు పట్టుకుని బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పడుకోబెట్టింది. పవర్ సప్లైని దాని పక్కనే పెట్టి వైరు కలిపింది. ప్రాసెసర్, ఒక ర్యామ్ పలక, తెర తప్ప ఇంకేదీ తగిలించనివ్వలేదు. మీట వైరు మాత్రం ఖాళీ క్యాబినెట్ నుంచి సాగదీసి తగిలించింది.

"ఒంటికి తొడక్కుండా ముందు గుడ్డ సంగతి చూద్దాం" అని మీట నొక్కింది.

ఫ్యాన్ తిరిగింది. తిరుగుతూనే ఉంది. తెర మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. గోడ గడియారంలో ఐదు నిమిషాలు గడిచాయి, పది గడిచాయి. టీ కప్పులతో గుమ్మంలో నిలబడిపోయిన డ్రైవరు "ఇంకేం, ఇలాగే బల్ల మీద పెట్టి కానిచ్చేయొచ్చుగా!" అన్నాడు.

"ఈ గదిలో గుండుసూదులు వాన కురిసినట్టు రాల్తుంటాయి, అందులో ఒక్కటి దీని మీద పడిందా, అప్పుడు నిజంగానే కాలిపోతుంది. పైగా టాకాలేసిన బట్టను ఏ టైలరూ కుట్టయిపోయిందనడు" అంది టేపక్క. గొంతులో ఖంగుమనే పాత మోత మళ్ళీ వచ్చింది. "గుడ్డ మంచిదే వదినా. ఒళ్ళూ మంచిదే. ఒంటికీ గుడ్డకీ పడట్లేదు. కొలత తప్పింది, అంతే!"

కొలత తప్పిందంటే ఆవిడకు తెలిసిన మందు ఒక్కటే. కరెంటు తీసేసి, బొమ్మలు దించే పలచటి కాగితం తెచ్చి బోర్డు కింద పరిచి, బోర్డుకు స్క్రూ రంధ్రం ఉన్న ప్రతిచోటా కత్తెర మొనతో పొడిచింది. కాగితానికి ఆరు చిల్లులు పడ్డాయి. బోర్డు అంచుల వెంట కత్తిరించి, ఆ కాగితాన్ని క్యాబినెట్ లోపల, బోర్డు కూర్చునే చోట పరిచింది. అక్కడ బోర్డు ఇనపరేకుకు తగలకుండా పైకెత్తి పట్టుకునే పొట్టి ఇత్తడి కాళ్ళున్నాయి. ఆరు కాళ్ళు సరిగ్గా ఆరు చిల్లుల్లోంచి కనిపించాయి. మరో మూడు కాళ్ళు చిల్లుల్లేని చోట కాగితాన్ని కింది నుంచి పైకి పొడుచుకుంటూ నిలబడ్డాయి.

వదిన కళ్ళజోడు సర్దుకుని లెక్కపెట్టింది. "తొమ్మిది! ఈ బోర్డుకు ఆరేగా కావాలి. తొమ్మిదీ ఎవరు బిగించారమ్మాయ్?"

"నేనే" అంది టేపక్క. "రేకుకు తొమ్మిది రంధ్రాలున్నాయి, సంచీలో తొమ్మిది కాళ్ళున్నాయి. బిగించొద్దా మరి? కాజా ఉన్నచోట గుండీ కుట్టకుండా ఎవరైనా వదిలేస్తారా? ఎంత అప్రదిష్ట!"

వదిన గోడకు జారగిలబడి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. రేకుకున్న రంధ్రాలు పెద్ద బోర్డులకు కూడా పనికొచ్చేలా పెడతారు. చిన్న బోర్డుకు అక్కర్లేని కాళ్ళు దాని వీపుకు గుచ్చుకుని, అక్కడి తీగలను ఇనపరేకుతో కలిపేస్తాయి. కరెంటు దారి తప్పుతుంది. అది పసిగట్టి పవర్ సప్లై తనంతట తానే ఆగిపోతుంది. నిన్న టేపక్క దాటించేసిన సన్న అక్షరాల పేజీలో ఉన్నది సరిగ్గా ఇదే. ప్రపంచంలో ఇంకెవరైనా బద్ధకించి వదిలేసి బాగుపడేవారేమో, ఈవిడ మాత్రం పని తెలిసిన మనిషి కాబట్టే చెడగొట్టింది.

"నవ్వింది చాలు, ప్లయరు ఇటివ్వండి" అంది టేపక్క. తనకూ నవ్వాగడం లేదు.

మూడు కాళ్ళూ ఊడాయి. ఆరు కాళ్ళ మీద బోర్డు నిండుగా కూర్చుంది. ఎర్ర దారం ఎర్రదాన్ని, నీలం నీలాన్ని వెతుక్కున్నాయి. పన్నెండుంబావుకు టేపక్క మీట నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి. రెండు క్షణాలు, పది క్షణాలు, నిమిషం. పచ్చ దీపం కదలకుండా వెలిగింది. "పోతుందేమో చూస్తా, పోతుందేమో చూస్తా" అంటూ డ్రైవరు ఐదుసార్లు ఆపి ఐదుసార్లు వేశాడు. పోలేదు. భార్య భుజం మీద చెయ్యేసి "మా డిపోలో మెకానిక్కులకు నిన్ను చూపించాలే!" అన్నాడు. కాలు కడగడం గురించి పొద్దున తానేమన్నాడో ఆయనకు గుర్తున్నట్టు లేదు.

ఆ తర్వాతంతా పరుగే. కావలసినవన్నీ వదిన పెన్ డ్రైవులో ముందే సిద్ధం చేసి ఉంచింది. గంటన్నరలో అన్నీ ఎక్కించింది. టేపక్క కొమ్మను తెర మీద పెద్దది చేసి గీసింది. బొమ్మ ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా కనిపిస్తుంటే ఆవిడ ముఖం విప్పారింది. ఒక్కో ఆకు ఈనె దగ్గర కుట్టు ఏ వైపు వాలాలో చేతికి తెలుసు, ఇన్నాళ్ళకు కళ్ళు అడ్డు తగల్లేదు. మూడింటికి ఎంబ్రాయిడరీ మిషను మొదలుపెట్టింది. మూడుంముప్పావుకు తెల్లగుడ్డ మీద రెండాకుల కొమ్మ మెరుస్తూ ఉంది.

మేట్రన్ గారు నాలుగింటికి సరిగ్గా వచ్చారు. గుడ్డ తీసుకుని ముందు వైపు చూశారు. ఆ తర్వాత తిరగేసి వెనక వైపు చూశారు. పని తెలిసినవాళ్ళు చూసేది వెనక వైపే. బొటనవేలితో అక్షరాల మీద నెమ్మదిగా తడిమారు.

"ఇది బయట ఎక్కడైనా చేయించారా?" అని అడిగారు.

టేపక్క ఛాతీ పొంగింది. "బయటెందుకండీ! బొమ్మ నేను గీశా, మిషను చేత నేను కుట్టించా. అది గీయడానికి ఆ పెట్టెను నేనూ మా వదినా కలిసి బిగించాం. పొద్దున ఒకసారి మొరాయించింది. విప్పి మళ్ళీ కుట్టాం."

మేట్రన్ గారు ఆ పెట్టె వైపు చూశారు, టేపక్క వైపు చూశారు. ఏమనుకున్నారో, తన ఒంటి మీది తెల్లకోటు విప్పి బల్ల మీద పరిచారు.

"మొత్తం మూడు వందలూ మీకే. మొదటిది నాది. ఇప్పుడే కుట్టివ్వండి, నేనిది వేసుకునే వార్డుకు వెళ్తాను" అన్నారు.

టేపక్క జేబును చట్రంలో బిగించింది. టేపుతో రెండుసార్లు సరిచూసుకుంది, కొలత తప్పలేదు. ముప్పావుగంట తర్వాత మేట్రన్ గారు కోటు తొడుక్కుని, అద్దంలో ఒకసారి చూసుకుని మెట్లు దిగారు. ఎండలో ఆ తెల్లకోటు వీధి చివరికి వెళ్ళేదాకా టేపక్క గుమ్మంలోనే నిలబడింది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆవిడ తుడుచుకోలేదు.

"వదినా," అంది, వెనక్కి తిరక్కుండానే. "నేనింకా టైలర్నే!"