ఉప్పుగాలిలో తుప్పు కప్పు

జువ్వలదిన్నె పక్కన ఒక పల్లెలో, పడవలు ఒడ్డుకు వచ్చేదాకా ఆడవాళ్ళు ఎండలోనే కూర్చుంటున్నారని, ఒక నీడ కట్టించి పెట్టమని అక్కడి చర్చి పాస్టరు గారు నన్ను అడిగారు. నేను కావలిలో ఇళ్ళకు, తోటలకు డిజైన్లు చేస్తుంటాను. అంతకుముందే ఊళ్ళో ఒక ఇంటి ప్రహరీకి వెదరింగ్ స్టీలు పలకలు పెట్టించాను. ఆ ఉక్కుకు రంగు వేయనక్కర్లేదు. వానకు తడిసి, ఎండకు ఆరి, పైన పట్టిన తుప్పే గట్టి పొరగా మారి లోపలి ఉక్కును కాపాడుతుంది. రెండేళ్ళకు ఆ ప్రహరీ ముదురు సపోటా రంగుకు తిరిగింది. దారినపోయేవాళ్ళు ఆగి చూసేవారు. నాకు గర్వంగా ఉండేది.

పల్లెలోనూ అదే ఉక్కు వాడాను. నాలుగు స్తంభాలు, పైన వాటి మధ్య బోల్టులతో బిగించిన కప్పు, కింద సిమెంటు బల్లలు. బిగిస్తున్న రోజు, వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన లేచి వచ్చి స్తంభాన్ని తట్టి చూశాడు.

"రంగు ఎప్పుడేస్తారమ్మా?"

"దీనికి రంగు అక్కర్లేదు తాతా. దాని తుప్పే దాన్ని కాపాడుతుంది."

"ఈడ ఇనుము నిలబడదమ్మా," అన్నాడు ఆయన.

ఇది వేరే ఇనుమని నవ్వుతూ చెప్పాను. సముద్రం దగ్గర ఈ ఉక్కుతో జాగ్రత్తగా ఉండాలని నేను చదివే ఉన్నాను. వాన కడిగేస్తుందిలే అనుకున్నాను.

మూడో ఏడు, వానలకు ముందు, ఆ కప్పు కింద రోజూ గంప పెట్టుకునే చేపలామె ఫోన్ చేసింది.

"అక్కా, పైనుంచి పెచ్చులు రాలతా ఉండాయి. నిన్న మా కోడలి కంట్లో పడింది. నీళ్ళతో కడిగినాము, ఇప్పుడు బాగానే ఉండాది. నువ్వొకసారి వచ్చి చూడు."

బాగానే ఉందన్న మాట నా చెవికెక్కలేదు. రెండు రోజుల్లో గాలీ వానా వస్తాయని అప్పటికే వార్తల్లో చెబుతున్నారు. వెంటనే వెల్డరును వెంటబెట్టుకుని బయల్దేరాను.

స్తంభాలు బయటివైపు నల్లగా, గట్టిగా ఉన్నాయి. చెయ్యి పెట్టి రుద్దితే తుప్పు అంటలేదు. నిచ్చెనెక్కి చూస్తే కప్పు పైభాగమూ అంతే. ఊపిరి పీల్చుకున్నాను. దిగి, కిందినుంచి తల పైకెత్తాను. అక్కడ ఉక్కు మడతకాజాలా పొరలు పొరలుగా లేచి ఉంది. పైభాగాన్ని వాన కడుగుతోంది. అడుగున ఉప్పుగాలి తగులుతుంది గానీ వాన చుక్క పడదు. పట్టిన ఉప్పు పట్టినట్టే ఉండి, మూడేళ్ళుగా ఉక్కును తింటోంది. సరిగ్గా మనుషుల తలలపైన.

వెల్డరు సుత్తితో కొట్టుకుంటూ పోయాడు. నడిమధ్య ఖంగుమంది. మూల దగ్గర, బోల్టుల పక్కన, చప్పుడు చచ్చిపోయింది. అక్కడ స్క్రూడ్రైవరు పెట్టి నొక్కాడు.

"దిగిపోయింది అక్కా," అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

బల్లలమీద ఏడెనిమిది మంది ఆడవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు. పాస్టరు గారు కూడా వచ్చారు. చిన్న రిపేరే అనేసి, రంగు పూయించి వెళ్ళిపోవచ్చు. ఒక్క నిమిషం ఆ అబద్ధానికి మాటలు వెతుక్కున్నాను కూడా.

"అందరూ బయటికి రండమ్మా," అన్నాను చివరికి. "ఈ కప్పు దించెయ్యాలి. తప్పు నాదే. ఇక్కడ ఈ ఉక్కు పెట్టకూడదు."

ఆడవాళ్ళు గంపలు తీసుకుని లేచారు.

"గాలొచ్చేలోపల దించగలమా అమ్మా?" అని పాస్టరు గారు అడిగారు.

"దించాలండీ."

మర్నాడు పొద్దున్నే జాలర్లు పడవల మోకులు తెచ్చి కప్పు నాలుగు మూలలా కట్టి, స్తంభాల కొసలమీదుగా వేసి పట్టుకున్నారు. వెల్డరు ఒక్కో బోల్టూ కోస్తూ పోయాడు. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. మూడో మూల కోస్తుండగా, ఇంకా కోయని నాలుగో మూల తనంతట తనే చిరిగి, కప్పు ఒక్క పెట్టున మూరెడు కిందికి జారింది. మోకు బిగుసుకుంది. పట్టుకున్నవాళ్ళు ఇసుకలో మడమలు దిగేసి ఆపారు. నెమ్మదిగా నేలకు దించారు. నేను వెళ్ళి చిరిగిన ఆ మూలను తడిమి చూశాను.

ఆ గాలీ వానా రెండు రోజులున్నాయి. కావలిలో కిటికీ కొట్టుకున్నప్పుడల్లా, ఆ కప్పు అక్కడే ఉండి ఉంటే ఏమయ్యేదో కళ్ళకు కట్టేది.

తెరిపిచ్చాక స్తంభాలను గీకించి, మంచినీళ్ళతో ఉప్పు పోయేదాకా కడిగించి, ఆరాక ప్రైమరూ రంగూ వేయించాను. వాటి మొదళ్ళ దగ్గర నీళ్ళు నిలవకుండా సిమెంటుతో వాలు తీయించాను. పైన ఉక్కు వద్దన్నాను. సరుగుడు వాసాలు వేసి తాటాకు కప్పించారు. ఇదే చల్లగా ఉందని ఆడవాళ్ళు అన్నారు. వారానికోసారి స్తంభాలమీద నాలుగు బిందెల మంచినీళ్ళు పోస్తున్నారు.

ఇప్పటికీ నెలకోసారి వెళ్తాను. మొన్న వెళ్ళినప్పుడు చేపలామె పక్కకు జరిగి చోటిచ్చింది.

"కూర్చో అక్కా. ఎంతసేపని పైకే చూస్తావు?"

కూర్చున్నాను. ఆమె కోడలి గురించి ఏదో చెబుతోంది. నా చెయ్యి మాత్రం వెనక్కి వెళ్ళి స్తంభం లోపలివైపు తడుముతోంది, రంగు ఎక్కడైనా పొంగిందేమోనని.