టోస్టరూ, మా అత్తమ్మ సాక్ష్యమూ

మా ఇంట్లో టోస్టర్ పోయిన వారం ప్రాణం విడిచింది. మీట కిందికి నొక్కితే నిలవదు, నిలిస్తే మళ్లీ పైకి రాదు, పక్కనే కాపలా కూర్చుంటే తప్ప పని జరగదు. బాగు చేయిద్దామని నేనన్నాను, ఈ రోజుల్లో వీటిని బాగుచేసేవాళ్లు ఎవరున్నారమ్మా అని మా అబ్బాయి నవ్వాడు, చివరికి తూంకుంటలో మా కాలనీ దాటగానే కరీంనగర్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన పెద్ద దుకాణానికి నేనూ మా కోడలూ కలిసి వెళ్లాం. అక్కడ ఒక గోడ పొడవునా టోస్టర్లే. రెండు ముక్కలు పట్టేవి, నాలుగు ముక్కలు పట్టేవి, లోపల రొట్టె రంగు మారడం కనబడేటట్టు గాజు పలక పెట్టినవి, ఫ్రిజ్‌లోంచి తీసిన గట్టి బ్రెడ్డుకు వేరే మీట ఉన్నవి. అమ్మే అమ్మాయి ఒక్కోదాని గుణగణాలు, పెళ్లి సంబంధాలు తెచ్చిన పెద్దమనిషిలాగా, ఏ ఒక్కదాన్నీ తక్కువ చేయకుండా చెప్పుకుంటూ పోయింది.

నేను మాత్రం ఏదీ వినలేదు. ఒక దాన్ని చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాను. మా కోడలు ఫోన్ చూసుకోవడం ఆపి, నా మొహం చూసి, "ఏంది అత్తమ్మా, టోస్టర్‌ను గట్ల చూస్తున్నరు, మీ చుట్టమా?" అంది. చుట్టమే మరి. మొదటి టోస్టర్ మా ఇంట్లోకి ఎలా వచ్చిందో, వచ్చి ఎంత రభస చేసిందో ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు. మీకు చెబుతాను, మీరైతే నా ఈడువాళ్లు, ఎక్కడ నవ్వాలో మీకు తెలుసు.

మన చిన్నతనంలో బ్రెడ్డు అంటే జ్వరం. అంతకుమించి దానికి ఇంకో అర్థం లేదు. ఒళ్లు కాలిపోతుంటే వేడి పాలలో ముంచి పెట్టేవారు, ఆస్పత్రిలో ఎవరినైనా చూడడానికి వెళితే ఒక బ్రెడ్డు పొట్లం, నాలుగు బత్తాయిలు పట్టుకెళ్లేవారు. కిరాణా కొట్టులో బ్రెడ్డు అడిగితే కొట్టాయన ముందు ఎవరికి బాగాలేదని అడిగి, ఆ తర్వాతే పొట్లం అందించేవాడు. ఒంట్లో బాగున్నవాళ్లు బ్రెడ్డు తింటారని, అదీ రోజూ తింటారని అంటే మా వైపు ఎవరూ నమ్మేవారు కాదు.

మా పుట్టిల్లు మేడ్చల్. నేను అక్కడే డిగ్రీ పూర్తి చేసి, ఊరి చివర ఉన్న ఒక మందుల కంపెనీలో చేరాను. తయారైన మాత్రలు సరిగ్గా ఉన్నాయా లేదా అని పరీక్షించే గదిలో పని. తెల్లకోటు వేసుకుని, గాజు గొట్టాల మధ్య నిలబడితే నాకు నేనే కొత్తగా కనిపించేదాన్ని. మా ఇంట్లో ఆడవాళ్లు నాట్లు వేశారు, బీడీలు చుట్టారు, ఇటుకలు మోశారు, కానీ కోటు వేసుకుని పని చేసినవాళ్లలో నేనే మొదటిదాన్ని. పెళ్లి మాటలప్పుడు నేను అడిగింది ఒక్కటే, ఉద్యోగం మాన్పించవద్దని. శామీర్‌పేట సంబంధం వాళ్లు దానికి ఒప్పుకున్నారు, నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను.

మా మేనమామ దుండిగల్‌లో విమానాల శిక్షణ ఇచ్చే చోట మెస్‌లో వంట చేసేవాడు. దొరల తిండ్లు వండీ వండీ ఆయనకు కొంచెం దొరతనం అబ్బింది. అందరూ స్టీలు బిందెలు, గోడ గడియారాలు తెస్తే ఆయన మా పెళ్లికి టోస్టర్ తెచ్చాడు. ఇప్పటివాటిలాగా రొట్టె పైకి ఎగిరి రాదు. రెండు వైపులా చిన్న తలుపులు, తెరిచి ముక్క పెట్టి మూయాలి, ఒక వైపు కాలాక మళ్లీ తెరిచి చేత్తో తిప్పాలి, ఏమరుపాటుగా ఉంటే బొగ్గే. మా అత్తగారింట్లో దాన్ని చూసి ఇస్త్రీ పెట్టె కాబోలు అనుకున్నారు, పట్టుకునే పిడి ఏదని వెతికారు, దొరకక అటక మీద పెట్టేశారు.

పెళ్లయ్యాక చిక్కు ఎక్కడ వచ్చిందంటే పొద్దున్నే వచ్చే కంపెనీ వ్యానుతో. అది శామీర్‌పేట రోడ్డు మీదికి ఇంకా మసక వీడకముందే వచ్చేది, రెండు హారన్లు కొట్టి వెళ్లిపోయేది. మా అత్తమ్మ ఆ సమయానికి బర్రెల దగ్గర ఉండేది. పాలు పిండాలి, పాలాయన సైకిల్ వచ్చేలోపు కొలిచి పోయాలి, పేడ తీయాలి. జొన్నరొట్టె చేసే తీరిక ఆమెకు లేదు, చేసే నేర్పు నాకు లేదు. నేను ఒక గ్లాసు చాయ్ తాగి వెళ్లిపోయేదాన్ని. కొద్ది వారాలకు నా మెడ కింద ఎముకలు తేలాయి. మా అత్తమ్మ అది చూసింది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి అటక మీది టోస్టర్ కిందికి దిగి, తుడిచి, పొయ్యి పక్కన కూర్చుని ఉంది. పక్కన ఒక బ్రెడ్డు పొట్లం. "గిది ఎట్ల జేస్తరో జర చూపియ్యి" అంది.

ఆ మర్నాటి నుంచి నాకు దొరబిడ్డ వైభోగమే. బర్రెల దగ్గరికి వెళ్లేముందు ఆమె ప్లగ్గు పెట్టి, రెండు ముక్కలు కాల్చి, ఇంట్లో కాచిన నెయ్యి రాసి, పైన చక్కెర చల్లి, పాత పుస్తకం కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టేది. వ్యానులో కిటికీ పక్కన కూర్చుని, చెరువు మీది గాలి మొహానికి తగులుతుంటే ఆ కరకరలాడే ముక్క కొరకడం గుర్తొస్తే ఇప్పటికీ నోట్లో నీళ్లూరుతాయి. ఆ తర్వాత ఎన్ని హోటళ్లలో ఎన్ని రకాల టోస్టులు తిన్నానో, ఆ రుచి మళ్లీ దొరకలేదు. ఆ నెయ్యిలో కొంచెం పొగ వాసన ఉండేది, అందుకనుకుంటాను.

కానీ ఊరు ఊరే కదా. మా అత్తమ్మ రోజు విడిచి రోజు కొట్టుకు వెళ్లి బ్రెడ్డు తెస్తోంది. కొట్టాయన అడిగితే ఆమె కోడలికి అని చెప్పి వచ్చేస్తోంది. అంతే, వాడంతా లెక్క కట్టేసుకుంది. కొత్త కోడలు, పెళ్లై మూడు నెలలు కాలేదు, అన్నం సహించడం లేదట, రోజూ బ్రెడ్డు మీదే బతుకుతోందట, ఏదో పెద్ద జబ్బేనట. ఒకనాడు ఎదురింటి పెద్దమ్మ బత్తాయిలు తెచ్చి నా గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది, పసుపు పచ్చగా ఉన్నాయేమోనని. ఇంకోరోజు మా చర్చి పెద్దగారి భార్య నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, నేను ఇంకా చెప్పులు విడవకముందే నన్ను పీట మీద కూర్చోబెట్టి, తల మీద చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టింది. మీకు తెలుసుగా, ప్రార్థన మొదలయ్యాక మధ్యలో కళ్లు తెరిచి నాకేం కాలేదండీ అనలేము. పేగులు, కాలేయం, రక్తం, ఒక్కొక్క అవయవాన్నీ పేరుపేరునా దేవునికి అప్పగించాక అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. మా అత్తమ్మ కూడా అంది, అని, లోపలికి వెళ్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఎందుకంటే ఆ ఆదివారం చర్చి బయట ఎవరో మా మామయ్య చెవిలో వేశారు, ఆ మందుల వాసన పిల్ల ఊపిరితిత్తులకు ఎక్కిందని, ఇంకా అక్కడికి పంపితే పిల్లాజెల్లా కలగడం కూడా కష్టమని. మా మామయ్య చెడ్డమనిషి కాదు, భయస్థుడు. అన్నాల దగ్గర కంచంలోకే చూస్తూ, "నౌకరి బంద్ జేస్తె మంచిగుంటది. పాణం కన్న ఎక్కువనా?" అన్నాడు. నాకేమీ జబ్బు లేదని నేను చెప్పాను. జబ్బున్నవాళ్లందరూ మొదట అలాగే అంటారని ఆయన అన్నాడు. మా ఆయన తండ్రికి ఎదురు చెప్పలేడు, నా మొహం చూడలేడు, అన్నం కలుపుతూనే కూర్చున్నాడు. నెలాఖరుకు మానేయాలన్నట్టుగా మాట తేలిపోయింది. ఆ రాత్రి నాకు ఎంత ఏడుపొచ్చిందో చెప్పలేను. ఆ తెల్లకోటు ఒక్కటే నాదంటూ నేను ఆ ఇంటికి తెచ్చుకున్న వస్తువులా అనిపించింది.

ఆ వారం ఫ్యాక్టరీలకు కరెంటు ఆపే సెలవు మా కంపెనీకి శుక్రవారం వచ్చింది, నేను ఇంట్లోనే ఉన్నాను. శుక్రవారం మధ్యాహ్నం మా చర్చిలో స్త్రీల కూడిక జరుగుతుంది. పాటలు పాడతారు, వాక్యం చదువుతారు, తర్వాత ఎవరికైనా సాక్ష్యం ఉంటే లేచి నిలబడి దేవుడు తమకు చేసిన మేలు చెబుతారు. మా అత్తమ్మ పాటలు గొంతెత్తి పాడేదే గాని సాక్ష్యానికి ఏనాడూ లేవలేదు. చదువు రాదు, నలుగురిలో మాట్లాడాలంటే సిగ్గు. ఆ రోజు మాత్రం చేతిలో ఒక మూటతో బయల్దేరింది. పిల్లల కోసం ఏవో పిండివంటలు తెస్తోందనుకున్నాను.

సాక్ష్యం ఉన్నవాళ్లు లేవండి అనగానే లేచింది. తిన్నగా మైకు పెట్టే ప్లగ్గు దగ్గరికి వెళ్లి, మూట విప్పి, టోస్టర్ తీసి పెట్టి, రెండు బ్రెడ్డు ముక్కలు లోపల పెట్టింది. ఆమె చేతులు వణకడం నాకు నా చోటి నుంచి కనిపించింది. గొంతు సరిచేసుకుని చెప్పింది:

"నా కోడలికి ఏ బీమారి లేదు. మీరు ప్రార్థన జేసిన్రు, మంచిదే, నేను కాదన. పొద్దుగాల బండి జల్దీ వస్తది, నేను బర్ల కాడ ఉంట, రొట్టె జేసే తీరిక నాకు లేదు. పిల్ల ఉపాసం పోతాందని గీ బ్రెడ్డు కాలుస్తున్న. ఇది జరం తిండి గాదు, నౌకరి తిండి. నా కోడలు సదువుకున్నది, నౌకరి జేస్తది. నేను జేయనిస్త. ఇగ ఎవ్వరు దాని గురించి పరేషాన్ కాకుండ్రి."

ఇంత మాట్లాడేలోగా రొట్టెను తిప్పడం మరిచిపోయింది. చర్చి నిండా పొగ. ముందు వరసలో ఒక ముసలమ్మ దగ్గుతూ, "గా రొట్టె మాడవట్టె, ముందుగాల దాన్ని సూడు" అంది. మా అత్తమ్మ ఆ నల్లటి ముక్కను తీసి, మూటలోంచి తీసిన గరిటెతో మాడు గీకి, అందరూ చూస్తుండగా తానే మొదట కొరికింది. బ్రెడ్డంటే ఆమెకు అసలు గిట్టదు, దూది నమిలినట్టుంటుందనేది. అయినా ముక్కంతా నమిలి మింగింది. అప్పుడు పెద్దగారి భార్య లేచి వచ్చి, ఒక ముక్క తనకూ కాల్చమంది. ఆ మధ్యాహ్నం పొట్లమంతా అయిపోయింది, వాక్యం చదవడం ఆలస్యమైపోయింది.

ఇంటికి నడిచి వస్తూ నేను ఆమె చేయి పట్టుకున్నాను. మా అత్తమ్మ చేయి విడిపించుకోలేదు గాని, "నడువు బిడ్డ, బర్లకు గడ్డి వెయ్యాలె" అంది. మేము చేరేసరికే మా మామయ్యకు కబురు అందింది. ఉద్యోగం మాన్పించే మాట ఆయన ఇక ఎప్పుడూ ఎత్తలేదు. మరుసటి రోజు నుంచి కొట్టుకు తానే వెళ్లి బ్రెడ్డు తెచ్చేవాడు, ఎవరికని అడిగితే, మా కోడలు నౌకరికి పోతది అని కాస్త గట్టిగానే చెప్పేవాడట. ఆ కంపెనీలోనే నేను పదవీ విరమణ చేసేదాకా ఉన్నాను. పిల్లలు పుట్టారు, చదువుకున్నారు, తూంకుంటలో ఈ ఇల్లు కట్టుకున్నాం. వెనక్కి తిరిగి చూసుకుంటే ఇదంతా ఆ పొగలో నిలబడిన మనిషి పెట్టిన భిక్ష అనిపిస్తుంది.

ఆ రోజు దుకాణంలో చివరికి వెడల్పు గాడులున్నది, ఎర్ర రంగుది తీసుకున్నాం, ఎందుకంటే ఇప్పటి బ్రెడ్డు ముక్కలు లావుగా వస్తున్నాయి. మా కోడలు తుర్కపల్లిలో ఒక ప్రయోగశాలలో పని చేస్తుంది, పొద్దున్నే గేటు ముందుకు క్యాబ్ వస్తుంది. టోస్టు ఒక చేత్తో, బ్యాగు ఒక చేత్తో పట్టుకుని, బై అత్తమ్మా అని పరిగెత్తుతుంది. ఆమె ఉద్యోగం చేయాలా వద్దా అని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ మాట్లాడుకోలేదు. పక్కింటివాళ్లకు ఆమె ఏం తింటుందో తెలియదు, ఎక్కడికి వెళుతుందో తెలియదు. ఆమె కోసం నేను నలుగురిలో లేచి నిలబడాల్సిన రోజు రాలేదు, రాకూడదు కూడా. ఇది మంచి మార్పు, దీనికి దేవునికి ఎంత స్తోత్రం చెప్పినా తక్కువే. అయినా క్యాబ్ వెళ్లిపోయాక వంటింట్లో ఒక్కదాన్నే చాయ్ తాగుతుంటే, ఒక్కోసారి మా కోడలి మీద కొంచెం జాలి కలుగుతుంది. తన కోసం వణుకుతూ లేచి నిలబడిన మనిషి పక్కన ఇంటికి నడిచి రావడం ఎలా ఉంటుందో ఆ పిల్లకు తెలియదు. నాకు తెలుసు.